పత్రం అచ్చయితేనే మొక్కకు పేరు: వృక్ష వర్గీకరణ పరిశోధనలో నిబంధనలు ఎలా పనిచేస్తాయి?

శేషాచలంలోనో నల్లమలలోనో కొత్త మొక్క దొరికిందన్న వార్త అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఫొటో ఉంటుంది, కనుగొన్నవారి పేర్లుంటాయి, మొక్కకు పెట్టిన లాటిన్ పేరూ ఉంటుంది. వివరాల్లోకి వెళ్తే ఆ మొక్కను సేకరించి చాలాకాలమే అయిందని తెలుస్తుంది. మరి ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? దీనికి జవాబు వాళ్లు రాసిన పరిశోధన పత్రంలో ఉంది. మిగతా శాస్త్రాల్లో పత్రమంటే జరిగిపోయిన పనికి నివేదిక. ప్రయోగం ల్యాబ్‌లో ముగుస్తుంది, పత్రం ఆ సంగతి చెబుతుంది. వృక్ష వర్గీకరణలో మాత్రం పేరు పుట్టేదే పత్రంలో. అది నియమాల ప్రకారం అచ్చయ్యేదాకా, మొక్క కళ్లెదుట ఉన్నా, శాస్త్రం లెక్కలో దానికి పేరు లేనట్టే.

సంక్షిప్తంగా

మొక్క పేరు చెల్లుతుందా లేదా అన్నది అంతర్జాతీయ నామకరణ నియమావళి తేలుస్తుంది. పత్రం నాణ్యత ఎంతన్నది జర్నల్, సమీక్షకులు తేలుస్తారు. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు. ఒకదానిలో నెగ్గి రెండోదానిలో తప్పే పత్రాలు రెండు వైపులా ఉంటాయి. ఈ రంగంలో గందరగోళం చాలావరకు ఈ రెండింటినీ కలిపి చూడటంవల్ల వచ్చిందే.

పేరు చెల్లడానికి షరతులు

శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కలు, మూడింటికీ కలిపి ఒకే నామకరణ నియమావళి ఉంది. పరిశోధకులు దాన్ని క్లుప్తంగా కోడ్ అంటారు. సాధారణంగా ఆరేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో దాన్ని సవరిస్తారు. పేర్ల లెక్క 1753 మే 1 నుంచి, అంటే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ రాసిన ‘స్పీషీస్ ప్లాంటారం’ అనే గ్రంథం నుంచి మొదలవుతుంది. ఒకే మొక్కకు రెండు పేర్లుంటే సాధారణంగా ముందు అచ్చయినదే నిలుస్తుంది.

షరతులన్నీ ఒక్కరోజులో పుట్టలేదు, ఒకదాని మీద ఒకటి చేరుతూ వచ్చాయి. 1935 జనవరి 1 నుంచి కొత్త మొక్కకు లాటిన్‌లో వర్ణన తప్పనిసరైంది. 1958 నుంచి టైప్‌ను, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనాను, పత్రంలో చూపించాల్సి వచ్చింది. 1990 నుంచి అది ఏ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటు) ఉందో చెప్పడంతో పాటు ‘టైప్’ లేదా ‘హోలోటైప్’ అన్న మాట పత్రంలో కనిపించి తీరాలన్నారు. 2012 నుంచి లాటిన్‌కు బదులు ఇంగ్లిష్ కూడా చాలన్నారు. ఐఎస్ఎస్ఎన్ (జర్నళ్ల గుర్తింపు సంఖ్య) లేదా ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య) ఉన్న ప్రచురణలో పీడీఎఫ్‌గా ఆన్‌లైన్‌లో వచ్చినా చెల్లుతుందన్నారు. అంతకుముందు కాగితం మీద అచ్చయితేనే లెక్క.

ఏ పేరునైనా అది అచ్చయిన నాటి నియమాలతోనే తూచాలి. 1883లో వృక్షశాస్త్రవేత్త డయ్యర్ శేషాచలంలో పెరిగే సైకస్ బెడ్డోమీ అనే మొక్కకు పేరు పెట్టినప్పుడు టైప్ చూపించమని అడిగే నియమమే లేదు. అదే శేషాచలం కొండల్లో పెరిగే గుగ్గిలం చెట్టుకు బాస్వెల్లియా ఓవాలిఫోలియోలేటా అన్న పేరు 1961లో వచ్చింది. అప్పటికి లాటిన్ వర్ణన, టైప్ రెండూ తప్పనిసరి. హెర్బేరియం పేరు చెప్పాలన్న షరతు మాత్రం ఇంకా రాలేదు. ఈ రోజు పత్రం పంపేవారు పాత పత్రాన్ని నమూనాగా పెట్టుకుని రాస్తే ఇక్కడే బోల్తా పడతారు.

కోడ్ ఎక్కడ పట్టుపడుతుందో, ఎక్కడ చూసీచూడనట్టు పోతుందో కూడా గమనించాలి. లాటిన్ వ్యాకరణం తప్పితే పేరు చచ్చిపోదు. మహిళ గౌరవార్థం పెట్టిన పేరుకు ‘ఏ’ అని రావాల్సినచోట పురుషులకు వాడే ‘ఇ’ అని ముగించారనుకుందాం. తర్వాతివారు దాన్ని సరిదిద్ది వాడుకుంటారు, పేరు తేదీ, కర్తలు (పేరు పెట్టినవారు) మారరు. హెర్బేరియం పేరు రాయడం మరిచిపోతే మాత్రం ఆ పేరు పుట్టనే లేదు. తర్వాత ఇంకో పత్రంలో ఆ లోటు పూడ్చవచ్చు గానీ, పేరుకు తేదీ ఆ రెండో పత్రానిదే అవుతుంది. ఈ మధ్యలో వేరొకరు అదే మొక్కకు ఇంకో పేరు పెట్టేస్తే ముందున్న హక్కు వాళ్లదే. నెలల తరబడి కొండలెక్కి చేసిన పని ఒక్క లైను లేక చేజారిపోయే ప్రమాదం ఉంది. ఇది కఠినంగా అనిపించవచ్చు. అయితే వ్యాకరణాన్ని ఎవరైనా ఎప్పుడైనా సరిచేయగలరు, నమూనా ఎక్కడుందో రాసినవారు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు.

అంతా టైప్ మీదే

టైప్ అంటే ఎండబెట్టి, అదిమి, దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి కాగితం మీద అతికించిన కొమ్మ. కింద కుడివైపు మూలన లేబుల్ ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, స్థలం, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, సేకరించిన తేదీ, సేకరించినవారి పేరు, వారి సేకరణ నంబరు దాని మీద ఉంటాయి. ఎండితే పువ్వు రంగు పోతుంది కాబట్టి అదీ రాసిపెట్టుకోవాలి. ఒకే మొక్క నుంచి, ఒకే రోజు, ఒకే నంబరు కింద నాలుగైదు షీట్లు చేస్తే ఒకటి హోలోటైప్, మిగతావి ఐసోటైప్‌లు. పత్రంలో ఈ వివరాలన్నీ ఒకే పేరాలో, ఏ షీటు ఏ హెర్బేరియంలో ఉందో దాని సంకేత అక్షరాలతో సహా వస్తాయి. సీఏఎల్ అంటే హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియం, ఎంహెచ్ అంటే కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం, బీఎస్ఐడీ అంటే హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రం, కె అంటే లండన్‌లోని క్యూ రాయల్ బొటానిక్ గార్డెన్స్. సమీక్షకులు చాలామంది ముందుగా చదివేది ఈ పేరానే.

మంచి ఫొటోలు ఉన్నాయి కదా, మొక్కను తెంపడం ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. 2007 నుంచి పూల మొక్కల కొత్త జాతికి బొమ్మ గానీ ఫొటో గానీ టైప్‌గా పనికిరాదు. సూక్ష్మ శైవలాలు, సూక్ష్మ శిలీంధ్రాల వంటి వాటికి, భద్రపరచడం సాధ్యం కానప్పుడు మాత్రమే మినహాయింపు. కుండీలో బతికున్న మొక్క కూడా టైప్ కాలేదు.

భారత్‌లో దీనికి చట్టం కూడా తోడైంది. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ఆ విషయాన్ని గుర్తింపు పొందిన భాండాగారానికి తెలియజేసి, నమూనాను అక్కడ అప్పగించాలి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థల్లో ఒకటి. కాలేజీ డిపార్ట్‌మెంట్ బీరువాలో టైప్‌ను దాచుకుంటే చట్టం ఒప్పుకోదు. పైగా పరిశోధకుడు రిటైరయ్యాక ఆ బీరువాను ఎవరు తెరుస్తారన్నది వేరే సమస్య.

టైప్‌కు ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే తెలుగు ఊళ్లలో అందరికీ తెలిసిన రెండు చెట్లను చూడాలి. దసరాకు పూజించే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం, ప్రొసోపిస్ సినరేరియా. చెరువు గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ నిన్నమొన్నటిదాకా ప్రొసోపిస్ జూలిఫ్లోరా. ఈ రెండూ ఒకే ప్రజాతి (దగ్గరి జాతులను కలిపి ఉంచే వర్గం, పేరులో మొదటి మాట) కింద ఉండేవి. డీఎన్ఏ ఆధారాలతో చూస్తే ఇవి అంత దగ్గరి చుట్టాలు కావని తేలడంతో 2022లో ‘ఫైటోకీస్’లో వచ్చిన పత్రం ఆ ప్రజాతిని విడగొట్టింది. అప్పుడు పాత పేరు ఎవరికి దక్కాలి? ప్రపంచంలో ఎక్కువగా వినిపించేది సర్కారు తుమ్మ, దాని అమెరికా బంధువుల పేర్లే. అయినా ప్రొసోపిస్ ప్రజాతికి టైప్ 1767లో లిన్నేయస్ ప్రొసోపిస్ స్పిసిజెరాగా వర్ణించిన మొక్క, అంటే మన జమ్మి. కాబట్టి పాత పేరు జమ్మి దగ్గరే ఉండిపోయింది, సర్కారు తుమ్మ నెల్టూమా జూలిఫ్లోరా అయింది. ఈ లెక్కలో పాపులారిటీకి చోటు లేదు. టైప్ ఏ ముక్కలో ఉంటే పేరు ఆ ముక్కకే.

ఈ సూత్రాన్ని ఓటుతో పక్కనపెట్టిన సందర్భమూ ఉంది. అకేషియా ప్రజాతికి పాత టైప్ మన నల్లతుమ్మే. విడగొట్టాక ఆ సూత్రం ప్రకారమైతే పేరు నల్లతుమ్మ వైపు రావాలి. కానీ ఆస్ట్రేలియాలో దాదాపు వెయ్యి జాతులు అకేషియా పేరుతో ఉన్నాయి, వాటన్నింటి పేర్లూ మారిపోతాయి. అందుకని టైప్‌ను ఆస్ట్రేలియా జాతికి మార్చాలన్న సిఫార్సు 2005లో వియన్నా మహాసభ ముందుకు వచ్చింది. ఓటేసినవారిలో సగానికి మించి వ్యతిరేకించినా, సిఫార్సును తోసిపుచ్చడానికి కావాల్సిన 60 శాతం రాలేదు. 2011లో మెల్‌బోర్న్‌లో అదే ఖరారైంది. నల్లతుమ్మ వాచెల్లియా నిలోటికా అయింది, సండ్ర సెనెగాలియా కిందకు వెళ్లింది. మన పాఠ్యపుస్తకాల్లో చాలావాటిలో ఇప్పటికీ పాత పేర్లే ఉన్నాయి.

పత్రం రాయడంలో అసలు బరువు

కోడ్ అడిగేది నిజానికి చాలా తక్కువ. పేరు, టైప్, దానితో పాటు వర్ణన గానీ తేడా చెప్పే వాక్యం గానీ ఉంటే చాలు. దగ్గరి జాతికీ దీనికీ తేడా ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే కోడ్ తృప్తిపడుతుంది. డీఎన్ఏ సమాచారం అది అడగదు. జర్నల్ మాత్రం అంతటితో ఊరుకోదు. వేరు నుంచి విత్తనం దాకా కొలతలతో వర్ణన, దగ్గరి జాతులతో పట్టిక, గుర్తుపట్టడానికి కీ (లక్షణాలను ఒక్కొక్కటిగా పోలుస్తూ జాతిని తేల్చే పట్టీ), గీసిన బొమ్మ, ఫొటోలు, మ్యాపు, పూత కాయల కాలం, ఇప్పుడు కొన్ని ప్రజాతుల్లో డీఎన్ఏ వరుసలు జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ భాండాగారం ఇచ్చే నంబర్లతో సహా కావాలంటుంది.

కొత్తవారి పత్రాలు ఎక్కువగా వెనక్కి వచ్చేది పోలిక దగ్గరే. ‘ఆకులు పెద్దవి, పువ్వులు లేత రంగు’ అని రాస్తే సమీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న: ఎన్ని మొక్కలు చూశారు? నీడలో పెరిగిన మొక్కకు ఆకు పెద్దదవడం మామూలే. అది జాతి తేడా కాదు. తేడా పువ్వు నిర్మాణంలో, కాయలో, విత్తనంలో ఉండి, అన్ని మొక్కల్లోనూ ఒకేలా కనిపిస్తే దానికి బలం వస్తుంది. ఒక్కచోట ఒక్కసారి తెచ్చిన రెండు కొమ్మలతో కొత్త జాతి అనడం ఎంత తొందరపాటో వేరే చెప్పనక్కర్లేదు. అయినా అలాంటి పత్రాలు వస్తూనే ఉంటాయి.

ఇంకో చిక్కు పాత పేర్లతో వస్తుంది. ‘కొత్తది’ అనాలంటే ఇంతకుముందు ఎవరూ వర్ణించలేదని తేల్చాలి. కోరమాండల్ తీరపు మొక్కల మీద బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండగా పనిచేసి, 1793లో కలకత్తా వెళ్లారు. ఆయన పెట్టిన పేర్లలో చాలావాటికి ఈనాటి అర్థంలో హోలోటైప్ లేదు. స్థానిక చిత్రకారులు వేసిన రంగు బొమ్మలు, అక్కడక్కడా చెదిరిన షీట్లు ఉన్నాయి. ఇంకో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త గాంబుల్ మొదలుపెట్టిన మద్రాస్ ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే ఆ ప్రాంతపు మొక్కల గ్రంథం, 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వచ్చింది. అందులో వాడిన నమూనాలూ కొన్ని ఇక్కడ, కొన్ని బ్రిటన్‌లో ఉన్నాయి. ఆంధ్ర కొండల్లో దొరికిన మొక్క కొత్తదో పాతదో తేలాలంటే ఒక్కోసారి లండన్‌లోని షీటును చూడాల్సిందే. విదేశీ హెర్బేరియాల డిజిటల్ చిత్రాలు, బొటానికల్ సర్వేవారి ఇండియన్ వర్చువల్ హెర్బేరియం వచ్చాక ఈ కష్టం చాలా తగ్గింది. కానీ స్కాన్‌లో ఆకు కనిపిస్తుంది, మూసుకున్న పువ్వు లోపల కేసరాలు కనిపించవు.

పాత పేరుకు టైప్ లేకపోతే ఉన్న ఆధారాల్లోంచి ఒకదాన్ని లెక్టోటైప్‌గా ఎంచుకోవచ్చు. ఇక్కడా ఒక మాట ఉంది: 2001 నుంచి, ‘ఇక్కడ నిర్దేశిస్తున్నాం’ అన్న అర్థం వచ్చే మాట రాయకపోతే ఆ ఎంపిక లెక్కలోకి రాదు. ఉన్న జాతిని వేరే ప్రజాతి కిందకు మార్చి కొత్త కలయిక పేరు చేసేవారు 1953 నుంచి అసలు పేరు ఎక్కడ, ఏ పేజీలో, ఏ తేదీన అచ్చయిందో పూర్తిగా చూపించాలి.

అంతరించే ప్రమాదం గురించిన పేరా కూడా ఇప్పుడు దాదాపు ప్రతి పత్రంలో ఉంటుంది. ఐయూసీఎన్ (ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ) పద్ధతిలో రెండు కిలోమీటర్ల గడులు గీసి, మొక్క ఎన్ని గడుల్లో ఉందో చూసి విస్తీర్ణం లెక్కిస్తారు. ఒక్కచోటే వెతికినవారికి ఒక్క గడే వస్తుంది, అంతటితో ‘తీవ్రంగా అంతరించే ప్రమాదంలో’ అని రాసేస్తారు. గడి చిన్నదైనంత మాత్రాన సరిపోదు. క్షీణత, చీలిన ఆవాసం వంటి మిగతా షరతులూ నెరవేరాలి. చుట్టుపక్కల కొండలు వెతకనప్పుడు ‘తగినంత సమాచారం లేదు’ అన్న వర్గమే నిజాయితీగల సమాధానం. వార్తాపత్రికల్లో మాత్రం మొదటిదే హెడ్డింగ్ అవుతుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సైకస్, ఆర్కిడ్‌ల వంటి గిరాకీ ఉన్న మొక్కలకు కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు అచ్చువేస్తే దొంగలకు దారి చూపించినట్టే. అందుకే కొన్ని పత్రాల్లో స్థలాన్ని కావాలనే లీలగా చెప్పి, పూర్తి వివరాలు హెర్బేరియంలో ఉంచుతారు.

ఎక్కడికి పంపాలి

భారత పరిశోధకులకు దగ్గరగా ఉన్నవి బొటానికల్ సర్వే ‘నెలంబో’, ఇండియన్ అసోసియేషన్ ఫర్ యాంజియోస్పెర్మ్ టాక్సానమీ నడిపే ‘రీడియా’, కోయంబత్తూరు నుంచి వచ్చే ‘జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా’. బయట ‘ఫైటోటాక్సా’, ‘ఫైటోకీస్’, ‘క్యూ బులెటిన్’, ‘నార్డిక్ జర్నల్ ఆఫ్ బోటనీ’ ఉన్నాయి. ‘ఫైటోకీస్’ పూర్తిగా ఓపెన్ యాక్సెస్, ఖర్చు రచయితల వైపు నుంచి వస్తుంది. ‘ఫైటోటాక్సా’లో చందా పద్ధతి ఉంది, అందరికీ తెరిచి ఉంచాలనుకుంటేనే రచయిత చెల్లించాలి. ఫెలోషిప్ మీద బతికే విద్యార్థికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

అసలు ప్రమాదం డబ్బుతో అచ్చువేసే నకిలీ జర్నళ్లది. ఇక్కడ కోడ్‌లోని ఒక లక్షణం పనిచేస్తుంది: పేరు చెల్లడానికి సమీక్ష జరిగి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. ఐఎస్ఎస్ఎన్, పీడీఎఫ్, టైప్, వర్ణన ఉంటే ఎవరూ చదవకుండా అచ్చైన పేరు కూడా చెల్లుతుంది. వైద్యరంగంలో చెత్త పత్రాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు. వర్గీకరణలో అలా కుదరదు. ఆ పేరుకు తేదీ ఉంది, ప్రాధాన్య హక్కు ఉంది. తర్వాత ఆ ప్రజాతి మీద పనిచేసే ప్రతివారూ దాని టైప్‌ను వెతికి, అది ఏ జాతికి పర్యాయపదమో తేల్చాలి. ఒకరి ప్రమోషన్ కోసం పుట్టిన పేరును శుభ్రం చేసే పని ఇంకో తరం మీద పడుతుంది.

ఒత్తిడి పుట్టేది మూల్యాంకన పద్ధతుల్లో. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పత్రం అచ్చవ్వాలన్న షరతును తీసేసింది. 2025 ఫిబ్రవరిలో, ఆమోదించిన జర్నళ్లతో ఉన్న కేర్ జాబితానే రద్దుచేసి, మంచి జర్నల్ ఏదో తేల్చే బాధ్యతను విశ్వవిద్యాలయాలకు వదిలింది. జాబితాలో ఉందా లేదా అని చూసే సులువు పోయింది. చిన్న విశ్వవిద్యాలయాల్లో వర్గీకరణ తెలిసిన సభ్యుడు కమిటీలో లేకపోతే లెక్క మళ్లీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పత్రాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తున్నారన్న లెక్క) దగ్గరికే వస్తుంది. ఆ లెక్క ఈ రంగానికి నప్పదు. మొక్క పేరు వాడే వేల పత్రాల్లో దాదాపు ఏదీ ఆ పేరు పెట్టిన పత్రాన్ని ఉదహరించదు, అలా చేయాలన్న ఆనవాయితీ లేదు. ఉదహరించేది ఎక్కువగా తోటి వర్గీకరణవేత్తలే. 2020లో జంతు వర్గీకరణ జర్నల్ ‘జూటాక్సా’ తన పత్రాలను తానే ఎక్కువగా ఉదహరించుకుంటోందని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితా నుంచి తీసేశారు. ప్రపంచవ్యాప్తంగా నిరసన రావడంతో కొద్ది వారాల్లోనే తిరిగి చేర్చారు.

పంపినప్పటి నుంచి అచ్చు వరకు

సమీక్షకులు దొరకడమే ఆలస్యానికి పెద్ద కారణం. ఒక ప్రజాతిని లోతుగా తెలిసినవారు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. వాళ్లలో ఒకరిద్దరు రచయితలే అయ్యే అవకాశమూ ఉంది. పత్రం పంపాక, అచ్చయ్యేలోపు పేరు ముందే బయటపడకుండా చూసుకోవడం రచయితల పెద్ద టెన్షన్.

మామూలు వార్తాపత్రికలో 1953 తర్వాత వచ్చినదేదీ ప్రచురణ కింద లెక్కకు రాదు. అందువల్ల విలేకరికి ముందే చెప్పి అందులో వచ్చినంత మాత్రాన పేరు చెల్లుబాటు కాదు గానీ, మొక్క ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది. థీసిస్ కూడా అంతే: ఐఎస్‌బీఎన్ వంటి ఆధారం గానీ, ప్రచురణగా ఉద్దేశించామన్న స్పష్టమైన మాట గానీ ఉంటే తప్ప అందులోని కొత్త పేరు చెల్లదు. అందుకే చాలామంది థీసిస్‌లో పేరు పెట్టకుండా వదిలేసి పత్రంలో పెడతారు. తుది రూపం కాదని తెలిసే ప్రిప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పత్రం) కూడా లెక్కలోకి రాదు. ‘ఆన్‌లైన్ ఫస్ట్’ పత్రాల విషయంలో అది తుది రూపమా, ఇంకా మారే రూపమా అన్నదాన్ని బట్టి పేరు తేదీ మారుతుంది. పేజీ నంబర్లు తర్వాత మారినా ఇబ్బంది లేదు, విషయం మారకూడదు.

శిలీంధ్రాలకు 2013 నుంచి అచ్చుకు ముందే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవడం తప్పనిసరి. పూల మొక్కలకు అలాంటి నిర్బంధం లేదు. పత్రం వచ్చాక ఐపీఎన్ఐ అనే అంతర్జాతీయ సూచిక దాన్ని నమోదు చేస్తుంది. ఎవరూ చూడని జర్నల్‌లో వచ్చిన పేరు అక్కడికి చేరడానికి ఆలస్యమవుతుంది. ఆ లోపు ఇంకొకరు అదే పేరును వేరే మొక్కకు పెట్టేసే వీలుంది. అప్పుడు రెండోది నిలవకుండా పోయి, దానికి ఇంకో పేరు వెతకాలి.

మారుతున్న నియమాలు

2024 జులైలో మాడ్రిడ్ మహాసభ ముందు రెండు కొత్త రకం ప్రశ్నలు వచ్చాయి. ఆఫ్రికాలో జాతివివక్ష తిట్టుగా మారిన మాట నుంచి వచ్చిన ‘కాఫ్రా’ వంటి పేర్లను ‘అఫ్రా’గా మార్చాలని ఓటింగ్‌లో తీర్మానించారు. 200కు పైగా మొక్కలు, శిలీంధ్రాలు, శైవలాల పేర్లకు ఇది వర్తిస్తుంది. లాటిన్ పేరు మొదట్లోని ‘సి’ అనే ఒక్క అక్షరమే తీసేశారు కాబట్టి తేదీలు, కర్తలు చెక్కుచెదరలేదు. రెండోది, 2026 జనవరి 1 తర్వాత అచ్చయ్యే పేర్లలో ఏదైనా ఒక జనసమూహాన్ని కించపరిచేలా ఉంటే దాన్ని తిరస్కరించమని కోరే వీలు. పాత పేర్ల జోలికి ఈ నియమం వెళ్లదు. పేరు పెట్టేటప్పుడు ఆ మాటకు స్థానికంగా ఉన్న అర్థమేమిటో తెలుసుకోవడం కూడా ఇప్పుడు రచయిత పనిలో చేరింది.

సవరణ ప్రతిపాదనలు ముందుగా ‘టాక్సాన్’ జర్నల్‌లో అచ్చవుతాయి, ఎవరైనా పంపవచ్చు. వాటి మీద తదుపరి ఓటింగ్ 2029లో కేప్‌టౌన్‌లో జరగాలి. అప్పటిదాకా పత్రం పంపేవారికి మాడ్రిడ్ కోడే ప్రమాణం.